పదోన్నతి యెవనిది?

విద్యాసంవత్సరము కొంత సాగినపిదప, ఎన్.సి.సి. ఉన్న ప్రతి కళాశాలలోను ఒకనాడు ప్రకటన ఫలకముపై ఒక కాగితము వెలయును. ఎవరు లాన్స్ కార్పొరల్ అయిరి, ఎవరు సార్జెంటు అయిరి, అందఱకును పైన సీనియర్ అండర్ ఆఫీసరు ఎవడు అను సంగతి అందులో కొలది పంక్తులలో ముగిసిపోవును. ఆ పదవులకు జీతము లేదు. మైదానము దాటిన తరువాత అధికారము లేదు. చదువు ముగిసి ఉడుపులు తిరిగి అప్పగించిననాడు అవి యుండవు. అయినను ఆ కాగితము ముందు నిలిచిన పందొమ్మిదేండ్ల బాలుని ముఖమున వెలుగు సంతోషమునందుగాని, మాటలాడక ప్రక్కకు తొలగిపోవు మఱొకని ముఖమున కనబడు క్లేశమునందుగాని, ఉద్యోగములలో పండిన పెద్దల సుఖదుఃఖములకంటె తక్కువ తీవ్రత యుండదు. జీతమును, అధికారమును, పింఛనును తీసివేసిన పిదప సైతము మనుష్యుని ఇంతగా కదలింపగలది పదవియందు ఏమి మిగిలియున్నది? సైనికశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసిన అక్కఱ లేదు. ఇది ఆత్మవిచారమునకు చెందినది. పదవి మనిషికి అంటునా, అతడు చేయు పనికి అంటునా? పదోన్నతి కలిగినపుడు పెరిగినది ఎవడు? పెద్దల ఉద్యోగములలో ఈ ప్రశ్న ధనముతోను దర్పముతోను చిక్కుపడియుండును గనుక, ఆ రెండును లేని క్యాడెట్ పదవియే దీనిని విచారించుటకు తగిన చోటని నా అభిప్రాయము.

ఈ పదవుల సోపానమును ముందుగా తెలిసికొనుట మంచిది. తెలియనివారు దానిని మితిమీఱి గౌరవింతురు, లేదా మితిమీఱి పరిహసింతురు. స్వాతంత్ర్యము రాకముందే, 1946లో, హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన సంఘము పాఠశాలలయందును కళాశాలలయందును విద్యార్థులకు సైనికశిక్షణ నొసగు జాతీయసంస్థ యొకటి ఉండవలెనని సూచించెను; దాని ఫలముగా 1948లో చట్టము వచ్చి, ఆ సంవత్సరము జూలై 15న నేషనల్ క్యాడెట్ కోర్ అవతరించెను. మఱుసటియేట బాలికల విభాగమును, 1950లో వైమానిక విభాగమును, 1952లో నౌకా విభాగమును దానికి చేరినవి. చైనాతో యుద్ధము జరిగిన పిదప 1963లో కళాశాల విద్యార్థులకు ఇది నిర్బంధమై, 1968లో మరల ఐచ్ఛికమైనది. నిర్బంధముగా నున్న ఆ కాలమున పరేడుకంటె పరేడు తరువాత పెట్టు ఫలాహారమునందే ఎక్కువ శ్రద్ధ చూపినవారు లేకపోలేదు. వారిని నేను తప్పుపట్టను. ఇందులో చేరినంతమాత్రమున క్యాడెట్‌కు యుద్ధమునకు పోవలసిన బాధ్యత ఏర్పడదు.

సైనిక విభాగమున చేరినవాడు మొదట కేవలము క్యాడెట్. చొక్కా చేతిపై ఒక పట్టీ వచ్చిన లాన్స్ కార్పొరల్, రెండు వచ్చిన కార్పొరల్, మూడు వచ్చిన సార్జెంటు. అటుపై కంపెనీ క్వార్టర్ మాస్టర్ సార్జెంటు. బడిపిల్లల విభాగమున కంపెనీ సార్జెంట్ మేజరును, కళాశాలలలో జూనియర్, సీనియర్ అండర్ ఆఫీసర్లును పైమెట్లు. సైన్యమున లాన్స్ నాయక్, నాయక్, హవల్దారు అను మూడు మెట్లకు ఈ మొదటి మూడు ప్రతిరూపములు. నౌకా, వైమానిక విభాగములలో పేర్లు వేఱు. పదోన్నతికి చూచునవి హాజరు, శిబిరములలో నడవడి, సర్టిఫికేట్ పరీక్షలు, ఉడుపు ధరించు తీరు, డ్రిల్లు, ఆజ్ఞ నిచ్చు కంఠము. అధ్యాపకుడే అయిన అసోసియేట్ ఎన్.సి.సి. ఆఫీసరు సిఫారసు చేయగా బెటాలియను కమాండింగ్ ఆఫీసరు ఆమోదించును. పరేడులలో నూటికి 75 వంతులు హాజరులేనివాడు సర్టిఫికేట్ పరీక్షకే కూర్చుండరాదు.

మన బాలురు ఇంటిలో వినునది ఒకటి, మైదానమున చూచునది మఱొకటి. చీమ మొదలు బ్రహ్మ వఱకు వెలుగు చైతన్య మొక్కటేయని ఇంటిలో తాత చెప్పును. నిరుటివఱకు తనతో ఒకే బల్లపై కూర్చున్నవాడు "సావధాన్" అని కేకవేసినంతనే మడమలు కలిపి కదలక నిలువవలెనని మైదానము చెప్పును. ఈ రెండింటికి పొత్తు కుదురునా? కుదురుననుటకు పండితులు సిద్ధముగా నుంచుకొన్న సమాధాన మొకటి కలదు: పరమార్థమున భేదము లేదు, వ్యవహారమున కలదు, శంకర భగవత్పాదులు ఈ రెండు అంతస్తులను విడదీసి చూపిరి గదా యని. సమాధానము సత్యమే. కాని ఇంత సులభముగా చెప్పినపుడు అది పైమెట్టున నున్నవానికి మిక్కిలి అనుకూలించును; నీవును నేనును ఒకటేయను మాటను పరమార్థమునకు అట్టిపెట్టి, ఆజ్ఞాపించు సౌఖ్యమును మాత్రము వ్యవహారమున తాను అనుభవింపవచ్చును. మన దేశమున కులభేదములకు సైతము ఈ తర్కమునే కవచముగా తొడిగినవారు ఎందఱో కలరు. కావున వ్యవహారము వేఱని చెప్పి ఊరకుండుట చాలదు. ఆ వ్యవహారము నడుమనే సమత్వము ఎక్కడ నిలిచియున్నదో చూపవలెను. చూపలేనిచో బాలుని సందేహమే గెలిచినట్లు.

అది చూపుటకు ఒక గంటసేపు డ్రిల్లు చాలును. నడచుచున్న దళమును నిలుపుటకు "థమ్" అని ఆజ్ఞ. ఆ చిన్నమాటను ఆజ్ఞాపించువాడు తనకు తోచినపుడు పలుకరాదు. నడచువారి ఏ పాదము నేలను తాకు క్షణమున పలుకవలెనో నియమము కలదు. తప్పు పాదముపై పలికినచో కొందఱు నిలుతురు, కొందఱు ఒక అడుగు ముందునకు పోవుదురు, వరుస చెదరును, నవ్వులపాలగువాడు ఆజ్ఞాపించినవాడే. "దాహినే ముడ్" వంటి ఆజ్ఞలలో హెచ్చరించు భాగమునకును అమలుపఱచు భాగమునకును నడుమ విరామ మొకటి విధింపబడినది. విని, గ్రహించి, దేహమును సిద్ధపఱచుకొనుటకు వరుసలోనివారికి ఒసగిన గడువు అది. ముప్పదిమంది ఒకని కంఠమునకు లోబడియున్నట్లు చూపరులకు కనబడును. ఆ ఒకడు అంతకు ముందే ముప్పదిమంది అడుగులకు లోబడియుండవలెనని నేర్చినవానికే తెలియును. వందనముసంగతియు ఇట్టిదే. సైన్యమున క్రిందివాడు చేయు సెల్యూట్ రాష్ట్రపతి యొసగిన కమీషనునకు చెందును. దానిని ధరించిన మనుష్యుడు దారి మాత్రమే. అందుకొన్న అధికారి ప్రతివందనము చేసితీరవలెను. అది అతని దయ గాదు, విధి. ఇంతటి అధికారి కూడ రాష్ట్రపతి అభీష్టము ఉన్నంతవఱకే పదవిలో నుండునని మన రాజ్యాంగము 310వ అధికరణమున చెప్పుచున్నది. మత్తయి సువార్తలో తన సేవకుని స్వస్థత కోరి యేసును ఆశ్రయించిన రోమక శతాధిపతి ఈ మర్మమును బాగుగ ఎఱిగినవాడు. తన క్రింద సైనికులు కలరని చెప్పుకొనుటకు ముందు, తానును అధికారమునకు లోబడినవాడనని చెప్పుకొనెను.

మన ప్రాచీనులు సేనను లెక్కించిన విధమును చూచిన విషయము ఇంకను స్పష్టమగును. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు కూడినది పత్తియని మహాభారతము ఆదిపర్వమున చెప్పబడినది. మూడు పత్తులు సేనాముఖము, మూడు సేనాముఖములు గుల్మము. అట్లే మూడేసి చొప్పున గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని అని పెరుగును. పది అనీకినులు అక్షౌహిణి. 21,870 రథములు, అన్నియే ఏనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 మంది కాల్బంట్లు అను ఆ మహాసంఖ్య ఇట్లు ఒక రథమును, ఐదుగురు నడచువారిని మొదట పెట్టుకొని పుట్టినది. పదిమందికి ఒకడు, నూఱుమందికి ఒకడు, వేయిమందికి ఒకడు అధిపతులుగా నుండవలెనని శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పెను. పది అంగములకు పదికుడు, పదిమంది పదికులకు సేనాపతి, పదిమంది సేనాపతులకు నాయకుడు అని కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఏర్పఱచెను. ఈ లెక్కలన్నిటిలోను పదవియందున్నవాని వంశము ప్రసక్తికి రాలేదు, రూపము రాలేదు; ఎందఱి బరువు అతనిపై నున్నదో అదియే ముఖ్యముగా వచ్చినది. నేటి సెక్షను, ప్లటూను, కంపెనీలకును ఆ లెక్కయే ఆధారము. సుమారు పదిమంది గల సెక్షనును నడపు కార్పొరల్, తక్కినవారికంటె ఉత్తముడని ఎవరును తీర్మానింపలేదు. శిబిరమున ఒకనికి జ్వరము వచ్చిన, ఒకని బూటు తెగిన, ఒకడు రైలు తప్పిన, ఆ రాత్రి నిద్ర చెడవలసినవాడు ఎవడో మాత్రమే తీర్మానించిరి.

అయితే అదే భారతమున మఱొక కొలమానము కలదు. రథుడు, అతిరథుడు, మహారథుడు అనునవి ఒక్కొక్కని పోరాటపటిమను కొలుచు మాటలు. ఒకటి భారమును కొలుచును, ఒకటి బలమును కొలుచును. ఈ రెండును వేఱని మఱచిన చోటనెల్ల అనర్థము పుట్టినది.

ఉద్యోగపర్వమున, దుర్యోధనుడు అడుగగా, భీష్ముడు ఇరుపక్షముల వీరులను వరుసగా లెక్కించుచు వచ్చి కర్ణుని అర్ధరథుడనెను. సహజకవచకుండలములు పోయినవి, పరశురాముని శాపము తగిలియున్నది అని కారణములును చూపెను, ద్రోణుడు ఔననెను. తిక్కన సోమయాజి కృపవలన తెలుగువారికి ఈ ఘట్టము కొత్త కాదు. నిండుసభలో ఇట్టి మాట పడినవాని బాధను తేలికగా చూడరాదు. సూతపుత్రుడను మాట జీవితమంతయు వినినవానికి ఇది మఱియొక దెబ్బ. భీష్ముడు న్యాయముగా కొలిచెనని నేను చెప్పజాలను. అంపశయ్యపై నున్నపుడు తన్ను చూడవచ్చిన కర్ణునితో ఆ వృద్ధుడే, నీ తేజమును తగ్గింపగోరి పరుషము లాడితినని, నీ పరాక్రమము నాకు తెలియనిది కాదని ఒప్పుకొనెను. కాబట్టి కొలత తప్పు. కాని ఆ తప్పుకొలతకు కర్ణుడిచ్చిన ప్రత్యుత్తర మేమి? భీష్ముడు పడువఱకు ఆయుధము పట్టనని శపథము చేసి పదిదినములు శిబిరమున కూర్చుండెను. బలమును తక్కువ కొలిచినందుకు భారమును క్రింద పెట్టెను. దండన భీష్మునకు తగులలేదు. కర్ణుని భుజబలమును నమ్మి యుద్ధమునకు దిగిన దుర్యోధనునకు తగిలినది, ఆ పదిదినములలో కూలిన కౌరవసేనలోని పేరులేని కాల్బంట్లకు తగిలినది. పాండవపక్షమున సేనాపతి యెవరగుదురను చర్చ పుట్టినపుడు భీముడు శిఖండిని సూచించెను. ఆ సూచన చెల్లక ధృష్టద్యుమ్నుడు సేనాపతి యయ్యెను. భీముడు పదునెనిమిది దినములును ఆ సేనలోనే పోరాడెను. దీనిని గూర్చి ఎవరును పద్యములు చెప్పుకొనరు. అలిగినవానికి కథలో ఉన్న చోటు అలుగనివానికి ఉండదు.

అన్నిటికంటె వింతయైనది సారథిపదవి. యాదవనాథుడు, ఇరుపక్షములు ఆశ్రయించినవాడు, పగ్గములు పట్టి నొగపై కూర్చుండెను. సైంధవవధ జరిగిననాడు రణము నడుమ రథము నిలిపి, అర్జునుడు బాణముతో పుట్టించిన జలాశయమున గుఱ్ఱములను తడిపి, గ్రుచ్చుకొన్న బాణములను పెఱికి, వానిని సేదదీర్చినవాడు ఆయనయే. ఆ పనియందు ఆయనకు కొఱత కనబడలేదు. కొన్నాళ్లకే అదే పగ్గము కర్ణునిరథమున పట్టుమని దుర్యోధనుడు అడుగగా మద్రరాజైన శల్యుడు మండిపడెను; పట్టిన తరువాతను తన రథికుని నిందించుచునే తోలెను. పని ఒకటే, ఆసనము ఒకటే. శల్యుడు పగ్గమును పట్టినను మనసులో సింహాసనము దిగలేదు.

కర్ణుని ప్రక్కన నిలిపి చూడదగిన మఱియొకడు అరబ్బుల చరిత్రలో కలడు. ఖాలిద్ ఇబ్న్ అల్ వలీద్, దైవఖడ్గమని బిరుదు పొందినవాడు, సిరియా దండయాత్రకు సర్వసేనాని. 634లో ఉమర్ ఖలీఫా అయినపిదప ఆయనను ఆ పదవినుండి తొలగించి అబూ ఉబైదాను ఆ స్థానమున నిలిపెను. విజయము ఈశ్వరునివలన గాక ఖాలిద్‌వలన కలుగుచున్నదని జనులు భ్రమపడకుండుటకై యిట్లు చేసెనని చెప్పుదురు. కారణము ఏదైనను, ఓటమి యెఱుగని సేనానికి అది చిన్న పరీక్ష గాదు. ఖాలిద్ శిబిరము విడిచిపోలేదు. అబూ ఉబైదా ఆధిపత్యముక్రింద ఆయన యుద్ధము సాగించెను. 636లో యర్మూక్‌వద్ద రోమకసామ్రాజ్యసేనను భంగపఱచుటయందు ఆయన బుద్ధిబలమే ప్రధానమని చరిత్రకారులు చెప్పుదురు. అనగా పదవి పోయినను ఆయనలోని సేనాని పోలేదు. ఇస్లామ్ అను మాటకు విధేయతయని అర్థము చెప్పుకొను సమాజమున ఇది కేవలము సైనికవినయముగా గాక ఉపాసనగా కనబడుటలో ఆశ్చర్యము లేదు. మన కళాశాలలలో పట్టీ రానందుకు మఱునాటినుండి పరేడు మానివేయు బాలురను ఎఱిగినవారికి కర్ణుడు దూరపువాడు గాడు; ఖాలిద్ మాత్రము అరుదు.

ఇంతకును పదోన్నతిని కోరుట దోషమా? ఫలమును కోరక పని చేయుమని గీత చెప్పినదని, కావున పట్టీకొఱకు ఆశపడుట కామ్యకర్మయని, కొందఱు ఉపదేశకులు బాలురకు బోధింతురు. ఆ ఉపదేశకులలో తమ పదోన్నతికై అర్జీలు పెట్టనివారు ఎందఱో తెలియదు. నేను ఈ ఖండనమును తొందరపడి అంగీకరింపను. పందొమ్మిదేండ్లవానియందు ఎదుగవలెనను కోరిక లేకుండుట వైరాగ్యము గాదు, మాంద్యము కావచ్చును. గీతయందే మూడవ అధ్యాయమున లోకసంగ్రహము చెప్పబడినది. పైనున్నవాడు ఏది ఆచరించునో తక్కినవారు దానినే పట్టుకొందురని చెప్పబడినది. అట్టి పైచోటు ఒకటి ఉండవలెనని, అందులో ఎవడో ఒకడు నిలువవలెనని అంగీకరించినట్లేగదా. చిక్కు కోరికయందు లేదు. కోరిక దేనిని పట్టుకొన్నదో అందున్నది. తన పేరు పైన కనబడవలెనను కోరికయు, తనకు పెద్ద పని కావలెనను కోరికయు ఒకే ఉడుపులో తిరుగును. పైకి వానిని గుర్తుపట్టుట కష్టము. గుర్తుపట్టుటకు ఒక ఉపాయము మాత్రము కలదు: ఎవరికిని కనబడని పదవిని ఇచ్చి చూడుట.

సంస్థలో అట్టి పదవి ఒకటి నిజముగా నున్నది. కంపెనీ క్వార్టర్ మాస్టర్ సార్జెంటు పట్టీలు సార్జెంటుకంటె పైవే. కాని అతడు వరుస ముందు నిలిచి కేకవేయడు, గణతంత్రదినమున ఢిల్లీ కర్తవ్యపథమున కత్తి ఎత్తి నడువడు. శిబిరమున కంబళ్లు లెక్కపెట్టును, పళ్లెములు లెక్కపెట్టును, తక్కువ వచ్చినది ఎక్కడ పోయెనో వెదకుచు తిరుగును. అందఱును పడుకొన్నపిదప సామానులకొట్టు తలుపు మూయువాడు అతడే. ఈ పదవి దక్కిన బాలురు కొందఱు కొట్టుగుమాస్తా ఉద్యోగము వచ్చినదని నొచ్చుకొందురు. సైన్యమున దీనికి సరియైన పదవి కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ ప్రాంతమున, జీపుపై అమర్చిన రీకాయిల్‌లెస్ తుపాకితో పాకిస్తాను పాటన్ ట్యాంకులను ఒకదానివెంట ఒకటి కూల్చి ప్రాణము విడిచిన 4వ గ్రెనేడియర్స్ యోధుడు అబ్దుల్ హమీద్ పదవి అదియే. ఆయనకు మరణానంతరము పరమవీరచక్రము నొసగిరి. 1948లో తిథ్వాల్‌వద్ద పోరాడి ఆ చక్రమును పొందిన కరమ్ సింగ్ లాన్స్ నాయక్, 1971లో గంగాసాగర్‌వద్ద నేలకొరగి దానిని పొందిన ఆల్బర్ట్ ఎక్కా లాన్స్ నాయక్, అనగా ఒంటిపట్టీవారు. శౌర్యమును కొలుచు చక్రమునకును, భారమును కొలుచు పట్టీకిని లెక్కలు వేఱుగా నుంచుట భారతసైన్యము బాగుగ ఎఱిగినది. శౌర్యమునకు చక్రము నొసగునపుడు పట్టీల లెక్క చూడలేదు.

ఈ విభేదమునకు అపవాదమును కలదు, దాచిపెట్టుట న్యాయము గాదు. 1949 జనవరి 15న భారతసేనకు తొలి భారతీయ సర్వసేనాధిపతియై, 1953లో విశ్రాంతి గైకొన్న కరియప్పకు ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చినది 1986లో. ముప్పదిమూడేండ్ల తరువాత వచ్చిన ఆ హోదాతో ఆయన కొత్తగా మోయవలసిన సేన ఏదియు లేదు. అది పదవి రూపమున వచ్చిన బిరుదము. భీష్ముడు లెక్కించిన రథాతిరథులతో చేర్పదగినది. జాతి తన కృతజ్ఞతను తెలుపుటకు భారపు కొలమానమునుండి ఒక పేరును అరువు తెచ్చుకొన్నదని గ్రహించినచో ఇందు విరోధము లేదు.

సైన్యమున చేరదలచిన క్యాడెట్ తెలిసికొనవలసిన లెక్క ఇంకొకటి యున్నది. కమీషను పొందినవాడు లెఫ్టినెంటు. రెండేండ్లకు కెప్టెను, ఆఱేండ్లకు మేజరు, పదమూడేండ్లకు లెఫ్టినెంట్ కర్నలు. నియమింపబడిన అర్హతలు సంపాదించినవానికి ఇంతవఱకు కాలమే ఒసగును. కర్నలు మొదలుకొని మండలి ఎంచవలెను. అక్కడినుండి మెట్టుమెట్టుకు చోట్లు తగ్గిపోవును గనుక, ఇరువదేండ్లకాలము నిర్దోషముగా పనిచేసినవారు సైతము పెక్కుమంది నిలిచిపోవుదురు. కళాశాలలో నూఱుమంది క్యాడెట్లకు సీనియర్ అండర్ ఆఫీసరు ఒక్కడైనచో, నూఱుమందియు సమానముగా యోగ్యులైనను 99 మందికి ఆ పదవి రాదు. ఇది అంకగణితము, దీనిని ఆత్మపై వెలువడిన తీర్పుగా చదువుకొనువాడు తనకు తానే అన్యాయము చేసికొనుచున్నాడు. కాలమిచ్చిన మెట్టును చూచి గర్వించుటయు, ఎంపిక యీయని మెట్టును చూచి కుములుటయు ఒకే పొరపాటునకు రెండు ముఖములు.

అన్నియు అంకగణితమే గాదనియు ఒప్పుకొనవలెను. సిఫారసులలో పక్షపాతము జరుగును. కంఠమును కొలుచునపుడు కులమును కొలుచువారు, బాలికకు బదులు బాలుని నిలుపువారు ఉండవచ్చును. అట్టిచోట నిష్కామకర్మను ఉపదేశించుట అన్యాయము చేసినవానికి సాయపడుటయే. అడుగవలసినవారిని అడుగవలెను, వినయముగా, వ్రాతమూలముగా, పైవారివఱకు అడుగవలెను. ఖాలిద్ కథ తొలగింపబడినవాడు ఎట్లుండవలెనో చెప్పును గాని, తొలగించువారికి ఇచ్ఛవచ్చినట్లు చేయుటకు అనుమతి నీయదు. విధేయతకును హద్దు కలదు. 1950 నాటి సైనికచట్టము అవిధేయతకు శిక్ష విధించునపుడు సైతము న్యాయసమ్మతమైన ఆజ్ఞను మీఱుటయేయని విశేషించి చెప్పినది. రాత్రి పడకగదిలో క్రిందితరగతివానిచేత తన బట్టలుతికించుకొను సీనియరు చేతిపై ఎన్ని పట్టీలున్నను ఆ ఆజ్ఞకు వాని పట్టీతో సంబంధము లేదు.

మఱియొక రకమువారు కలరు. పదవి వచ్చినను వద్దనువారు. చదువు చెడునని వద్దనిన నేనేమియు అనను. కాని అహంకారము పెరుగునని భయపడి వద్దంటినని చెప్పువానిని కొంచెము నిలిపి అడుగవలెను. ఆ వినయములో బరువు తప్పించుకొను సుఖము కలిసియున్నదేమో యని. యుద్ధభూమిలో విల్లు జాఱవిడిచిన అర్జునుని మాటలు కూడ పైకి వైరాగ్యమువలెనే వినబడినవి. పదవిని నిరాకరించుటలో మన ఇతిహాసములు చూపిన పరమావధి భరతుడు. తల్లి సంపాదించిపెట్టిన రాజ్యమును ఆయన తాకలేదు. చిత్రకూటమునకు పోయి అన్నను బ్రతిమాలెను. అన్న రానపుడు పాదుకలను తలదాల్చి తెచ్చి సింహాసనమున నిలిపెను. కాని అంతటితో వనమునకు పోలేదు. నందిగ్రామమున జటావల్కలములు ధరించి, ఛత్రచామరములను పాదుకలకు ఒప్పించి, పదునాలుగేండ్లు కోసలరాజ్యమును పాలించెను. పేరును వదలుకొని పనిని ఉంచుకొనెను. రాజ్యము ఎవరిదను ప్రశ్నకు ఆ పదునాలుగేండ్లలో ప్రతిదినమును ఆయనకు ఉత్తరము సిద్ధముగా నుండెను గనుక, పాలించినంత కాలమును ఆయనకు రాజునను భ్రాంతి కలుగలేదు. రాజు గానను కారణమున పన్నులు వసూలు చేయుటగాని, సేనను పోషించుటగాని, తగవులు తీర్చుటగాని మానలేదు.

రాముడు తిరిగి వచ్చినపుడు భరతుడు పాదుకలను ఆయన పాదములకు తొడిగి, ఇన్నాళ్లు న్యాసముగా నుంచుకొన్న రాజ్యమిది, తీసికొనుమని, కోశమును, ధాన్యాగారములను, సేనను చూచుకొనుమని, అవి పదిరెట్లైనవని అప్పగింత చెప్పెను. కౌగిలింతలు, కన్నీళ్లు జరుగుచుండగనే ఈ లెక్కలును జరిగినవి. మన కళాశాలలలో ఏటేట మూడవ సంవత్సరపు సీనియర్ అండర్ ఆఫీసరు తన తరువాతివానికి అప్పగింత చేయును. క్యాడెట్ల పట్టిక, హాజరు పుస్తకము, సామానులకొట్టు తాళపుచెవి, శిబిరమునకు పోయి తిరిగివచ్చిన కంబళ్ల లెక్క అందులో ఉండును. మంచివాడైనచో పట్టికలో లేనివి కొన్ని నోటితో చెప్పును: ఫలానావాడు ఉదయము ఆలస్యముగా వచ్చును, కాని వాని ఊరినుండి మొదటి బస్సు ఆఱింటికి గాని లేదు, ఫలానా బాలిక కంఠము చిన్నది, కాని పటములు చదువుటలో అందఱికంటె మేలు, వెనుకవరుసలో మఱచిపోకుము. క్రొత్తవాడు అవి వ్రాసికొనును.